చేదు ఉప్పు

విశ్వపతికి దేవుడి మీద నమ్మకం లేదు, దిష్టి మీద లేదు, జాతకాల మీద అసలే లేదు. ఉన్న నమ్మకమల్లా ఒక్కటే, శుద్ధి. ఎవరూ తనను తాకకూడదంటూ తడిబట్టతో వంట చేసే తల్లిని చిన్నప్పుడు వెక్కిరించినవాడే, పెద్దయ్యాక తన ప్రయోగశాలలో అంతకు పదింతల ఆచారం పెట్టాడు. అక్కడ తలకు టోపీ, కాళ్ళకు గుడ్డ సంచులు, చేతులకు తొడుగులు లేకుండా క్లీన్ రూమ్ గడప దాటినవాడికి ఆ రోజు మూడినట్టే.

అది హైదరాబాదు పొలిమేరలో ఉన్న ఒక సర్కారు ప్రయోగశాల. లేజర్‌తో చదివే డిస్కులు విదేశాల నుంచి అప్పుడప్పుడే వస్తున్నాయి. పాటను డిస్కు మీద సన్నటి గుంటలుగా రాసి, ఆ గుంటల్ని కిరణంతో తడిమి చదవడం దాని కిటుకు. ఆ కిరణం కంటికి ఆనీ ఆనని ఎరుపు. ఎరుపు లావు పాళీ లాంటిది, దాంతో ఎంత చిన్నగా రాద్దామన్నా ఒక హద్దు ఉంటుంది. ఊదారంగు సన్న పాళీ. ఊదా లేజర్ చేతికొస్తే ఒక రేడియో స్టేషను పాటలన్నీ ఒక్క డిస్కులో పట్టించవచ్చు. లోకంలో ఇంకా ఎవరికీ చేతకాని ఆ లేజర్‌ను తానే తయారుచెయ్యాలని విశ్వపతి పంతం పట్టాడు.

కొలిమిలో పొడుగాటి క్వార్ట్జ్ గొట్టం, అందులో ఒక నీలమణి బిళ్ళ, దాని మీద పొరలు పొరలుగా పెరిగే గాలియం నైట్రైడ్ స్ఫటికం. ఒక పొర ఎలక్ట్రాన్లను ఇవ్వాలి, రెండోది పుచ్చుకోవాలి. ఇచ్చే పొర బాగానే వచ్చింది. పుచ్చుకునే పొర మాత్రం మొండికేసింది. దానిలో జింకు కలిపి చూశారు, తగ్గించి చూశారు, పెంచి చూశారు. కరెంటు పంపితే మిణుగురులా మినుక్కుమనేది, ఆరిపోయేది. కొలిమి దగ్గర ఉండే ఇక్బాల్ అనే యువ శాస్త్రజ్ఞుడు దానికి గయ్యాళి పెళ్ళికూతురని పేరు పెట్టాడు. విశ్వపతికి నవ్వు రాలేదు. ఆ ఏడాది చివర ఢిల్లీ నుంచి కమిటీ రాబోతోంది, వాళ్ళకు చూపించేది ఏమీ లేకపోతే కొలిమికి తాళం పడుతుంది.

ఇంట్లో భార్య హైమావతి గొడవ వేరు. ఆమెది నౌపడా దగ్గర ఉప్పు మడుల ఊరు. రేడియోలో ఉద్యోగం చేస్తూ, సెలవు దొరికినప్పుడల్లా టేప్‌రికార్డరు భుజాన వేసుకుని ఆ ఊళ్ళకు పోయేది. మడుల్లో ఉప్పు లాగే ఆడవాళ్ళ పాటలు రికార్డు చేసుకుని వచ్చేది. ఆ పాటల్లో ఆమెకు అన్నిటికంటే ఇష్టమైనది ఎండను పిలిచే పాట.

"సూరీడా సూరీడా సుర్రుమనీ రా
మా మడిలో నీరంతా తాగేసీ పో"

దాన్ని పాడిన మనిషి హైమావతిని పెంచిన నూకాలు. హైమావతికి తల్లి గొంతు గుర్తులేదు, నూకాలు గొంతే ఆమెకు తల్లి గొంతు. నూకాలు పోయి అప్పటికి చాలాకాలమైంది.

పాటలతోపాటు ఆమె ఊరినుంచి ఉప్పు కూడా తెచ్చుకునేది. మట్టిరంగులో, తడితడిగా, నాలుక మీద పెడితే చివర్న చేదు తగిలే ఉప్పు. ఆ ఉప్పుతో పెట్టిన ఆవకాయ ఒకసారి తిని విశ్వపతి పళ్ళెం పక్కకు నెట్టేశాడు. అప్పటినుంచీ వంటకు ప్యాకెట్టు ఉప్పు, దిష్టికి మాత్రం ఊరి ఉప్పు. దిష్టి తీయడం కూడా ఆయన ఇంట లేనప్పుడే.

ఆ ఏడు దసరాకు ప్రయోగశాలలో ఆయుధపూజ చేశారు. యంత్రాలకు పసుపూ కుంకుమా పూస్తే ఒప్పుకోనని విశ్వపతి ముందే చెప్పేశాడు. వర్క్‌షాపులో లేతు మిషన్ల వరకు మీ ఇష్టం, క్లీన్ రూమ్ జోలికి మాత్రం రావద్దు అన్నాడు. అందరి కుటుంబాలూ వచ్చాయి. ఆయన వర్క్‌షాపులో నిలబడి శాస్త్రీయ దృక్పథం మీద ఉపన్యాసం మొదలుపెట్టాడు. కొబ్బరిచిప్ప చేతిలో పట్టుకుని మరీ మొదలుపెట్టాడు, అది వేరే సంగతి.

హైమావతి ఇక్బాల్‌ను పట్టుకుని ఆ కొలిమి ఏదో ఒక్కసారి చూపించమంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ తన మొగుణ్ణి తన దగ్గర లేకుండా చేసిన వస్తువును కళ్ళారా చూడాలని ఆమె కోరిక. ఇక్బాల్ ఆమెకు టోపీ, తొడుగులు ఇచ్చి లోపలికి తీసుకువెళ్ళాడు. గొట్టం మూత తెరిచి ఉంది, మర్నాడు బిళ్ళ పెట్టడానికి కొలిమిని ముందుగానే వేడి చేస్తున్నారు. ఇంతలో ఎవరో పిలిస్తే ఇక్బాల్ బయటికి వెళ్ళాడు.

ఆమె చీరకొంగున ఊరి ఉప్పు మూటకట్టి తెచ్చుకుంది. ఇన్నేళ్ళ కష్టం ఫలించకపోవడం దిష్టి కాక మరేమిటని ఆమె గట్టి నమ్మకం. గుప్పెట పట్టి కొలిమి చుట్టూ మూడుసార్లు తిప్పింది. తీసిన దిష్టిని పొయ్యిలో వెయ్యాలి. ఆ చుట్టుపక్కల పొయ్యి అనదగ్గది ఆ కొలిమి ఒక్కటే. గొట్టం నోట్లో వేసింది. ఉప్పు చిటపటలాడింది. చాలా దిష్టి ఉందనుకుని, తృప్తిగా చేతులు దులుపుకుని బయటికొచ్చి ప్రసాదం తింది.

మర్నాడు పెట్టిన బిళ్ళ వెలిగింది.

మినుకుమనడం కాదు, వెలిగింది. గది తలుపు మీద ఊదారంగు చుక్క పడి కదలకుండా నిలబడింది. విశ్వపతి ఆ చుక్క ముందు చెయ్యి పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. పెళ్ళిలో కూడా అంత మురిసిపోలేదని ఆ సాయంత్రం తనే హైమావతితో చెప్పాడు. ఆమె నవ్వి ఊరుకుంది. ఉప్పు మాట చెబితే ఆ సంతోషం కాస్తా విరిగిపోతుందని భయపడింది.

ఇంత విజయం ఎలా వచ్చిందంటే విశ్వపతి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. అమోనియా వాయువును కొత్త పద్ధతిలో శుద్ధి చేశాం కనుక. ఆ లెక్కన శుద్ధి ఇంకా పెంచితే ఇంకా మంచి లేజర్లు వస్తాయని, గొట్టం బయటికి తీయించి ఆసిడ్‌తో తళతళా కడిగించాడు.

ఆ బిళ్ళలోంచి కోసిన ముక్కల్లో చాలావరకు పుట్టిన రోజే చచ్చాయి. ఒక్కటి నిలబడింది. కమిటీకి చూపించడానికి ఒక్కటి చాలు. డిస్కు మీద ఊదా కాంతి తగిలితే రంగు మారే పూత ఒకటి విశ్వపతి తానే తయారుచేశాడు. ఎండలో కూడా ఊదా ఉంటుంది కనుక ఆ డిస్కును నల్లగుడ్డ సంచిలో దాచాలి, ఎండ తగిలితే ఎండే దాని మీద రాసేస్తుంది. ఇక కావలసింది ఆ డిస్కు నిండా రాయడానికి ఏదైనా పెద్ద సరుకు.

ఇంట్లో బీరువా నిండా టేపులున్నాయి. వానాకాలం తేమకు వాటికి బూజు పడుతోంది, హైమావతి వాటిని తీసి తుడిచి ఆరబెడుతూ ఏడుపు మొహం పెట్టేది. విశ్వపతికి రెండు సమస్యలకూ ఒకటే మందు దొరికింది. నీ పాటలన్నీ ఒక్క డిస్కులోకి ఎక్కిస్తాను, నూరేళ్ళు చెక్కుచెదరవు అన్నాడు. ఆమె టేపులు మాత్రం జాగ్రత్తగా తిరిగి ఇచ్చేయమంది. అలాగే అన్నాడు.

ఆ రోజుల్లో టేపు దొరకడం గగనం. దిగుమతి సరుకు కావడంతో ఒకే టేపు మీద చెరిపి, రాసి, మళ్ళీ చెరిపి వాడుకోవడం ప్రయోగశాలలో అలవాటు. పాటలు డిస్కులోకి ఎక్కగానే, ఇక ఈ బూజు టేపులతో పనేముందని విశ్వపతి వాటిని చెరిపించి లేజర్ కొలతలు నింపించాడు. హైమావతి అడిగినప్పుడు ఆ మాట తేలిగ్గా చెప్పాడు. ఆమె కుర్చీలో కూలబడింది. ఆయన డిస్కు పెట్టి నూకాలు పాట వినిపించాడు. టేపులో కంటే శుభ్రంగా, పక్కన ఉండి పాడినట్టు వినిపించింది. ఆమె కళ్ళు తుడుచుకుని, పోనీలెండి అంది.

కమిటీవాళ్ళు ఉప్పు పాటలు తల ఊపుతూ విన్నారు. ఒకాయన ఇది ఏ భాష అని అడిగాడు. చప్పట్లు కొట్టి, మరుసటి ఏడాదికి ఇలాంటి లేజర్లు ఒక బుట్టెడు చేసి చూపించమని చెప్పి వెళ్ళారు. ఆ తర్వాత కొద్దిరోజులకే చుక్క పలచబడింది. స్ఫటికంలో సన్నటి నల్లగీత ఒకటి పుట్టి, జుట్టులో పేనులా పాకి, చివరికి లేజర్‌ను ఆర్పేసింది. ఎరుపు లేజర్లకు ఆ డిస్కు ఉత్త పళ్ళెం, వాటి లావు పాళీకి ఆ సన్న రాత అందదు. హైమావతి పాటలన్నీ తాళంచెవి పోయిన పెట్టెలో ఉండిపోయాయి.

ఇంకొక లేజర్ చేస్తే సరిపోతుంది కదా అన్నాడు విశ్వపతి. చేశాడు. రాలేదు. అమోనియాను ఇంకా శుద్ధి చేశాడు, గొట్టం మార్చాడు, దాన్ని కడిగే నీళ్ళు మార్చాడు, గది గోడలకు కొత్త రంగు వేయించాడు. ఎంత శుద్ధి పెరిగితే అంత మసకగా వెలిగింది. ప్రయోగశాలలో గుసగుసలు మొదలయ్యాయి. మొదటి లేజర్ నిజంగా ఉందా, ఏదైనా దీపానికి ఊదారంగు గాజు అడ్డం పెట్టి కమిటీని ఏమార్చారా అని క్యాంటీనులో మాట్లాడుకున్నారు. ఆ మాట చెవినపడ్డ రోజు విశ్వపతి అన్నం తినలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఇక్బాల్ భోజనానికి వచ్చాడు. ఇద్దరు మగవాళ్ళూ కొలిమి గురించే మాట్లాడుకుంటూ, ఆ మొదటి రోజు ఏం వేరుగా జరిగిందో వెతుక్కుంటున్నారు. వడ్డిస్తున్న హైమావతి గరిటె పక్కన పెట్టేసింది.

"ఆ రోజు నేను దిష్టి తీసేను. ఆ ఉప్పు మీ గొట్టంలోనే వేసేను. మళ్ళీ ఓసారి తీయనివ్వండి, వెలుగుతుంది" అంది.

విశ్వపతి ముద్ద నోటిదాకా పోయి ఆగింది. ముందు ఆయనకు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం కందగడ్డయింది. తన క్లీన్ రూమ్‌లో, తన కొలిమిలో, తన భార్య. బయటివాళ్ళు మోసమన్నారు, ఇంట్లోవాళ్ళు దిష్టి అంటున్నారు, ఇక నేను బతికి ఏం లాభం అని అరిచాడు.

ఇక్బాల్ చెయ్యి కడుక్కుని వచ్చి నెమ్మదిగా అన్నాడు. "సార్, దిష్టి ముచ్చట పక్కన పెట్టుండ్రి. ఉప్పయితే పడ్డది గదా. అది వేసి చూద్దాం, పోయేదేముంది?"

సోడియం పడితే ఏ స్ఫటికమైనా చస్తుంది, అది మొదటి పాఠం, నీకు డిగ్రీ ఎవడిచ్చాడు అన్నాడు విశ్వపతి. అయినా ఆయన కూడా శాస్త్రజ్ఞుడే. వారం తిరక్కుండా ఒప్పుకున్నాడు. కాకపోతే శాస్త్రీయంగా చేస్తానన్నాడు. హైమావతి ఊరి ఉప్పు ఒక సీసాలో పోసి పంపింది. ఆయన ఆ మట్టిరంగు ఉప్పును చూసి, ఈ చెత్త నా కొలిమిలో పడనివ్వనని పక్కన పడేసి, స్టోరు నుంచి సీలు వేసిన సోడియం క్లోరైడ్ సీసా తెప్పించాడు. దొరికినంతలో అత్యంత శుద్ధమైన ఉప్పు అది. మంచులా తెల్లగా ఉంది.

అది వేశాడు. స్ఫటికం నల్లబడింది, మిణుకు కూడా రాలేదు.

ఆ సాయంత్రం ఆయన ఇంటికి గెలిచినవాడిలా వచ్చాడు. చూశావా, అన్నాడు. హైమావతి ఏ ఉప్పు వేశారని అడిగింది. చెప్పాడు.

"అది మా ఊరి ఉప్పు కాదు కదండీ. మాది చేదుగా ఉంటుంది" అంది.

"ఉప్పు ఉప్పే. చేదు నీ నాలుకలో ఉంది" అన్నాడు ఆయన.

ఆ తర్వాత ఆమె ఆ ప్రస్తావన ఎత్తలేదు. తనకూ అనుమానం వచ్చింది, దిష్టి అనేది నిజంగా లేదేమో అనిపించింది. ఆమె పట్టుకున్నది దిష్టిని, ఆయన పట్టుకున్నది శుద్ధిని. ఉప్పును పట్టుకున్నవాడు ఇక్బాల్ ఒక్కడే, వాడి మాట వినేవాడెవడు?

కమిటీ మళ్ళీ వచ్చి కొలిమికి తాళం వేయించింది. విశ్వపతిని ఏదో శిక్షణ విభాగంలో కూర్చోబెట్టారు. ఆ డిస్కును ఇంక ఎవడూ చదవలేడని ఆయన ఇంట్లో తేల్చి చెప్పేశాడు. ఇక్బాల్ టెలిఫోను తీగల కంపెనీకి పోయాడు. హైమావతి మళ్ళీ టేప్‌రికార్డరు భుజాన వేసుకుని ఊరు వెళ్ళింది. తమ ఊరి మడుల్లో సగం రొయ్యల చెరువులయ్యాయి. పాత పాటగత్తెల్లో ఉన్న ఒకరిద్దరికీ పళ్ళు లేవు, గుర్తు లేదు. పంపుసెట్ల మోత తప్ప ఏమీ రికార్డు కాలేదు. ఇంటికొచ్చి మిషన్ను అటకెక్కించేసింది.

కొన్నేళ్ళకు ఒక పత్రికలో చిన్న వార్త వచ్చింది. విదేశంలో ఎవరో ఆ మొండి పొరను లొంగదీశారు. జింకు బదులు మెగ్నీషియం కలిపారట. విశ్వపతి దాన్ని లైబ్రరీలో కూర్చుని చదివాడు. ఇంటికొచ్చి, వంటింట్లో ఎవరూ లేనప్పుడు అడుగు అరలోని జాడీ మూత తీసి ఊరి ఉప్పు చిటికెడు నాలుక మీద వేసుకున్నాడు. సముద్రపు నీరు ఎండిపోగా మడిలో చివర మిగిలే నీళ్ళు చేదుగా ఉంటాయి, ఆ చేదు మెగ్నీషియం. కడగని ఉప్పుకు అది అంటుకునే ఉంటుంది. పదో తరగతి పుస్తకంలో ఉన్న సంగతి. శుద్ధి చేసి చేసి ఆయన పారబోసింది దాన్నే.

హైమావతికి చెప్పాలి అనుకున్నాడు. రేపు చెబుదాం అనుకున్నాడు. చెబితే ఏమవుతుంది, లేజర్ ఇంకా ఎవరి చేతిలోనూ లేదు, ఎప్పటికి వస్తుందో తెలియదు, ఊరికే ఆశపెట్టడం ఎందుకు అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. అసలు కారణం అది కాదు. ఉప్పు ఉప్పే అన్న నోటితో ఆ మాట చెప్పడం చాతకాలేదు. రోజులు ఏళ్ళయ్యాయి. అదే పంచలో, అదే కంచంలో తిన్నారు, ఆ ఒక్కమాట మాత్రం గొంతు దాటి రాలేదు.

రిటైరయ్యాక వాళ్ళు ఒక అపార్టుమెంటుకు మారారు. బాల్కనీ నిండా పావురాలు. విశ్వపతి రోజూ పొద్దున్నే ఆ బాల్కనీలోనే కుర్చీ వేసుకుని పేపరు చదివేవాడు, పావురాలను తిట్టేవాడు. అందరిళ్ళలోలాగే హైమావతి కూడా పాడైపోయిన సినిమా డిస్కులు దారానికి గుచ్చి కట్టింది. అవి గాలికి తిరిగి తళుక్కుమంటుంటే పావురాలు దగ్గరికి రావడం తగ్గించాయి.

ఒకనాడు ఇక్బాల్ వచ్చాడు. జుట్టు నెరిసింది, పొట్ట వచ్చింది, కళ్ళు మాత్రం అవే. చేతిలో అట్టపెట్టె. పాడైన ఒక వీడియో ప్లేయర్‌లోంచి ఊదా లేజర్ ఊడబీకి, తమ పాత డిస్కు కొలతలకు సరిపడేలా ఒక మిషను చేసుకొచ్చాడు. ఇప్పుడు ఈ లేజర్లు పల్లీల్లెక్క దొరుకుతున్నాయి సార్ అన్నాడు. విశ్వపతి లేచి బీరువా తెరిచి ఆ డిస్కు కోసం వెతకడం మొదలుపెట్టాడు.

హైమావతి వంటింట్లోంచి టీ తెచ్చింది. ఇక్బాల్ ఆమెకు మిషను చూపించి, "అమ్మా, ఆనాడు పని చేసింది మీ ఉప్పులో మెగ్నీషియం. సార్ చెప్పే ఉంటరు గద" అన్నాడు.

ఆమె మొగుడి వైపు చూసింది. విశ్వపతి చేతిలో ఖాళీ నల్లగుడ్డ సంచి ఉంది. డిస్కేదీ అని అడగబోతున్నవాడు అడగలేకపోయాడు.

"ఎప్పుడు తెలిసింది మీకు?" అంది.

ఆయన చెప్పాడు. ఆ ఇంటికి రావడానికి చాలా ముందటి మాట.

హైమావతి టీ కప్పులు బల్ల మీద పెట్టి బాల్కనీలోకి వెళ్ళింది. దండలోంచి ఒక డిస్కు విప్పి తెచ్చింది. మిగతావి తళతళలాడుతుంటే అదొక్కటి గాజుపలకలా వెలిసిపోయి ఉంది. ఎన్ని పొద్దులు దాని ఎదురుగా కూర్చుని పేపరు చదివాడో విశ్వపతికి గుర్తొచ్చింది.

"ఇది ఇంక ఎవడూ చదవలేడని మీరే కదా అన్నారు. చదవగలిగే రోజొకటి వస్తుందని ఒక్కమాట చెప్తే నా ప్రాణంలా దాచుకుందును" అంది. గొంతు పెద్దది చెయ్యలేదు. క్షమించు అనే మాట కూడా అప్పటికి పాసిపోయింది.

ఇక్బాల్‌కు పాలుపోక ఆ డిస్కునే మిషనులో పెట్టాడు. ఊదా చుక్క దాని మీద వాలింది. స్పీకరులోంచి చిటపట శబ్దం వచ్చింది, వస్తూనే ఉంది. అతను అటూ ఇటూ తిప్పి ఎన్నిచోట్ల వెతికినా అదే చిటపట. హైమావతి చివరిదాకా నిలబడి వింది.

"దిష్టి ఉప్పు పొయ్యిలో వేస్తే ఇలాగే ఉంటుంది నాయనా" అంది.

ఒక్క పాటైనా గుర్తుందా అమ్మా అని అతను మెల్లగా అడిగాడు. ఆమె కళ్ళు మూసుకుంది. సూరీడా సూరీడా సుర్రుమనీ రా, మా మడిలో నీరంతా తాగేసీ పో అని సన్నగా అంది. అక్కడ ఆగింది. తర్వాతది రావట్లేదంది.

బాల్కనీలో రెక్కల చప్పుడయింది. హైమావతి మిషనులోంచి డిస్కు తీసుకుని వెళ్ళి, దండలో ఖాళీ అయిన చోట మళ్ళీ కట్టేసింది.